జీపుకు నూనె మార్చిన ఆదివారం

1986 జూలై 13, ఆదివారం, కరీంనగర్. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి ఆగింది. హాజరైన వారు: నేను, నా భార్య, పొద్దటి బస్సుకు జమ్మికుంట నుంచి వచ్చిన ఆమె తమ్ముడు, రేకుల షెడ్డు కింద జీపు. హాజరు కానివారు: వెనక గల్లీలో ఉండే చాచా. ఆయన ఊళ్లో ఉండి ఉంటే ఆ రోజు పేజీ మూడు వాక్యాలతో అయిపోయేది. ఆయన లేనందువల్ల ఆరు పేజీలు పట్టింది.

1969లో నీటిపారుదల శాఖలో ఓవర్సీరుగా చేరిన రోజు నుంచి నేను డైరీ రాయడం మానలేదు. ఏ రోజు సంగతి ఆ రోజు రాయను. మరునాడు పొద్దున్నే, చాయ తాగక ముందు రాస్తాను. రాత్రి రాస్తే అందులో కోపం కలుస్తుందనీ, పొద్దున రాస్తే ఉన్నది ఉన్నట్టు వస్తుందనీ నా నమ్మకం. దీని మీద నా భార్య అభిప్రాయం వేరు. "పొద్దటికల్ల మీ తప్పులు మీరే మర్చిపోతరు. గందుకే మీ డైరీల అన్ని పనులు మంచిగనే అయితయి" అనేది.

ఆమె టీచరు. ఉద్యోగం జైనూర్ దాటి అడవిలో ఉన్న ఒక చిన్న ఊరి బడిలో. కరీంనగర్ నుంచి జగిత్యాల, లక్సెట్టిపేట, ఉట్నూరు మీదుగా పోవాలి. జైనూర్ దాకా బస్సు ఉంది. ఆ తర్వాత మూడు మైళ్లు నడక, మధ్యలో ఒక వాగు. వానాకాలం ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని, చీర మోకాళ్ల దాకా ఎత్తి కట్టుకుని ఆ వాగు దాటేది. అలా ఏడేండ్లు గడిచాయి. అక్కడ ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది, సెలవులకు ఇంటికి వచ్చేది. ఏడో ఏట అదృష్టం కలిసొచ్చింది. మా ఊరి పక్క బడిలో పనిచేసే ఒక టీచరుది ఉట్నూరు వైపు సొంతూరు. ఇద్దరూ ఒకరి జాగాలోకి ఒకరు మారడానికి ఒప్పుకున్నారు, ఆర్డరు వచ్చింది. గడువు సోమవారం సాయంత్రం. ఆలోపల ఆమె తన బడికి పోయి, చార్జి అప్పజెప్పి, విడుదల కాగితం తీసుకోవాలి. లేదంటే ఆర్డరు రద్దయి మళ్లీ మొదటికి వస్తుంది. గదిలో ఉన్న ట్రంకు, మంచం, గిన్నెలు, ఏడేండ్ల సామాను కూడా తేవాలి. అందుకే తమ్ముణ్ణి పిలిపించింది.

అందుకే జీపు కూడా. అసలు ఆ జీపును నేను కొన్నదే ఆ వాగు కోసం. మా శాఖ పాత బండ్లను వేలం వేసినప్పుడు, నాలుగు చక్రాలకూ బలం అందే బండి గనుక, ఇక నా భార్య చెప్పులు చేతిలో పట్టుకునే అవసరం ఉండదని గొప్పగా చెప్పి తెచ్చాను. నాలుగేండ్లలో ఆ జీపు వాగు దాటింది మూడు సార్లు. మిగతా ఆదివారాలన్నీ దాన్ని వాగు దాటడానికి సిద్ధం చేయడంలోనే పోయాయి. ఈ లెక్క అప్పుడు నేను వేయలేదు. తర్వాత డైరీలు తిరగేస్తే బయటపడింది.

జీపు అడుగున నాలుగు చోట్ల చిక్కటి గేరు నూనె ఉంటుంది. గేరు బాక్సులో ఒకటి, దాని వెనక నాలుగు చక్రాలకూ బలం పంచే స్పెషల్ గేరులో ఒకటి, ముందు ఇరుసు నడుమ ఉన్న ఇనుప కుండలో ఒకటి, వెనక ఇరుసు కుండలో ఒకటి. ప్రతిదానికీ రెండు బోల్టులు. కింది బోల్టు తీస్తే పాత నూనె కారిపోతుంది. పై బోల్టు తీసి ఆ బొక్కలోంచి కొత్తది పోయాలి. అక్కడి నుంచి పొంగి కారిందంటే నిండినట్టు. నిరుడు చాచా మా షెడ్డులోనే ఈ పని చేసి చూపించాడు. ఆయన బస్సు డిపోలో ముప్పై ఏండ్లు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆయన చేసినదంతా చేసినట్టే డైరీలో నంబర్లు వేసి రాసుకున్నాను. చివర "మళ్లీ వచ్చే జూలై రెండో ఆదివారం" అని రాసి, కింద గీత కొట్టాను.

ఆ రెండో ఆదివారం ఇదే.

నేను పాత లుంగీ కట్టుకుని షెడ్డులో గోనెసంచి పరుస్తుంటే నా భార్య వాకిట్లోకి వచ్చింది.

"ఇయ్యాల ఎందుకు అది?"

"రేపు వాగు దాటాలె గదా. నూనె మంచిగ లేకుంటే లోపలి గేరు పండ్లు అరిగిపోతయి."

"నిన్న మార్కెట్‌కు మంచిగనే పోయొచ్చింది గదా."

"మంచిగ నడిచేటప్పుడే మార్చాలె."

"రేపు పోయి వచ్చినంక మార్చరాదుండ్రి? ఎల్లుండి సంది నేనూ ఇంట్లనే ఉంట, జీపూ ఇంట్లనే ఉంటది. ఇద్దరం యాడికి పోతం?"

"రెండో ఆదివారం అని రాసి ఉన్నది."

అరుగు మీద చాయ తాగుతున్న మా బావమరిది నవ్వాడు. "అక్కా, ఇగ ఊకో. బావ డైరీల రాసిండంటే సర్కారు జీవో వచ్చినట్టే. దాని మీద అప్పీలు లేదు."

ఆమె "రేపు పొద్దుగాల ఆరింటికి ఎల్లాలె, యాది పెట్టుకోండ్రి" అని మాత్రం చెప్పి లోపలికి పోయింది.

పని తొమ్మిది గంటలకు మొదలైంది. నేను బండి కింద, మా బావమరిది బయట డైరీ పట్టుకుని. అతను జమ్మికుంట పత్తి మార్కెట్లో గుమాస్తా. వేలం పాటలో ధరలు అరిచే గొంతుతో ఒక్కో నంబరూ చదివాడు.

"ఒకటోది! కింద డబ్బా పెట్టవలెను!"

"పెట్టిన."

"రెండోది! కింది బోల్టు విప్పవలెను!"

"విప్పిన."

"మూడోది! నూనె మొత్తం కారనియ్యవలెను, తొందరపడరాదు! బావా, ఈ తొందరపడరాదు అన్నది చాచా అన్నడా, నువ్వే కలిపినవా?"

నేనే కలిపాను.

గేరు బాక్సు అయింది. స్పెషల్ గేరు అయింది. వెనక కుండ కూడా అయింది. మూడింటికీ కింది బోల్టు తీసి, పాత నూనె కార్చి, మళ్లీ బిగించి, తర్వాత పై బోల్టు తీసి కొత్త నూనె పొంగేదాకా పోశాను. అంతా రాసినట్టే జరిగింది. రాత పనికి రాదనే వాళ్లు ఈ షెడ్డుకు వచ్చి చూడాలని అనుకున్నాను. అంతటితో ఆగకుండా ఈ మాట పైకి కూడా అన్నాను.

ఇంకో పని కూడా చేశాను. ప్రతి కుండలోంచి ఎంత నూనె కారిందో కొలిచి రాసుకున్నాను. కొలవడం నా అలవాటు. వంటింటి గోడకు తగిలించిన సోల కనబడితే అదే తెచ్చాను.

పదకొండున్నరకు ముందు కుండ దగ్గరికి వచ్చాను. కింది బోల్టు సులువుగా వచ్చింది. నూనె కారింది, కొలిచాను. మూడు సోలలకు గిద్దెడు తక్కువ. కింది బోల్టు బిగించాను. పై బోల్టుకు పానా వేశాను.

అది కదలలేదు.

రెండు చేతులతో లాగాను. కదలలేదు. పానాకు ఇనుప పైపు తొడిగి, మా బావమరిదిని కూడా కిందికి పిలిచి ఇద్దరం లాగాం. అప్పుడు కదిలింది. తీరా చూస్తే కదిలింది బోల్టు కాదు, పానా. బోల్టు అంచులు అరిగి గుండ్రంగా, నున్నగా అయ్యాయి. ఇక ఏ పానా వేసినా జారిపోవడమే.

బండి కింద వెల్లకిల పడుకుని నేను పరిస్థితిని వరుసగా ఆలోచించాను. ముందు కుండలో చుక్క నూనె లేదు. కొత్తది పోయాలంటే పై బోల్టు రావాలి. పాతదే తిరిగి పోద్దామన్నా అదే బొక్కలోంచి పోయాలి. ముందు చక్రాలకు బలం ఇవ్వకుండా వెనక చక్రాలతోనే నడిపినా, రోడ్డు మీద ముందు చక్రం తిరిగితే కుండ లోపలి పండ్లు కూడా తిరుగుతాయి. నూనె లేకుండా పది మైళ్లు పోతే అవి పొడి అవుతాయి. అంటే పొద్దున మార్కెట్‌కు పోగలిగే జీపు, నా మరమ్మతు తర్వాత గేటు దాకా కూడా పోలేదు.

"బావా, తర్వాతది చదవాల్నా?" అన్నాడు మా బావమరిది.

"వద్దు."

అతను లోపలికి పోయి అక్కకు చెప్పాడు. ఆమె వచ్చి షెడ్డు స్తంభం పట్టుకుని నిలబడింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నా పాదాల వైపు చూస్తూ, బండి కింద నుంచి కనిపించేది అవే గనుక, ఒక్క మాట అడిగింది.

"సాయంత్రం ఉట్నూరు బస్సు ఆరింటికే గదా?"

"చాచా వస్తడు. ఆయన వస్తే అయిపోతది."

"నేను అడిగింది బస్సు సంగతి."

"ఆరింటికే" అన్నాను.

అప్పుడే ఆమె కంట సోల పడింది. నల్లటి నూనెతో గోనెసంచి మీద ఉంది. "అది బియ్యం కొలిచే సోల!" అంది. ఆ రోజు ఆమె గొంతు పెంచింది అదొక్కసారే.

చాచా పొద్దున్నే హుజూరాబాద్ దగ్గర చుట్టాల నిఖాకు పోయాడు. సాయంత్రం నాలుగున్నరకు వచ్చాడు. తెల్లటి లాల్చీ, అత్తరు వాసన, నోట్లో పాన్. మా బావమరిది గల్లీ మొదట్లోనే నిలబడి ఆయన్ను ఇటే తీసుకొచ్చాడు. చాచా షెడ్డులోకి రాలేదు. లాల్చీ ఖరాబవుతుందని, వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఏమైంది ఓవర్సీర్ సాబ్?"

చెప్పాను. ఆయన పాన్ నమలడం ఆపాడు.

"అరె సాబ్! కిందది ముట్టక ముందే మీదది విప్పి చూస్తరు గదా! మీదది వచ్చిందంటేనే కిందది. రాలేదంటే ఆ పని ఆడికే బంద్. బండి మంచిగ ఉంటది, మనిషి మంచిగ ఉంటడు."

"నిరుడు మీరు ముందు కిందివే విప్పిండ్రు చాచా. నేను రాసుకున్న."

"రాసుకున్నరా? చదవుండ్రి మల్ల."

మా బావమరిది మళ్లీ ఆ గొంతుతోనే చదివాడు. చాచా కండ్లు మూసుకుని మొత్తం విన్నాడు.

"మస్తుగ రాసిండ్రు సాబ్. అంత సహీ. కాని మొదటి పని లేదు."

"ఏ మొదటి పని?"

"నేను వచ్చిన. బండి కింద పండుకున్న. నాలుగింటివీ మీది బోల్టులు ఒక్కొక్కటి వదులు చేసి చూసి, మళ్ల చేత్తోని బిగించిన. అప్పుడు మీరు యాడున్నరు?"

నాకు గుర్తు రాలేదు. నిజంగానే గుర్తు రాలేదు. వంటింటి గుమ్మంలోంచి నా భార్య చెప్పింది: "పెన్నుల సిరా అయిపోయిందని లోపలికి వచ్చిండ్రు. సిరా బుడ్డి దొర్కక ఇల్లంత దేవులాడిండ్రు. నాకు యాదికున్నది. దేవుని అర్రల గూట్లె ఉండె."

నేను స్టూలు మీద కూర్చున్న తర్వాత జరిగిందంతా నేను అక్షరం పొల్లుపోకుండా రాశాను. అంతకు ముందు జరిగినది నా దృష్టిలో జరగనే లేదు.

"గదంత సరే" అన్నాడు చాచా. "కాని చేత్తోని బిగించి, పానాతోని ఒక్క పట్టు పట్టిన బోల్టు ఏడాదికే గింత మొండికెయ్యది. ఎవరన్న ముట్టిండ్రా?"

మా బావమరిది ఏమీ అడగకుండానే డైరీలో మరుసటి పేజీ తిప్పాడు. అక్కడ ఉన్నది నాకు ఆ క్షణం గుర్తొచ్చింది. ఆపుదామనుకున్నాను గానీ అతను అప్పటికే మొదలుపెట్టాడు. "సోమవారం. చాచా బిగించిన బోల్టులన్నీ పైపు తొడిగి మరొకసారి సరిచూచితిని. ముందు కుండ నీళ్లలోకి మొదట దిగును గనుక దాని పై బోల్టును ఇంకొక చుట్టు గట్టిగా బిగించితిని. ఇక చింత లేదు."

చాచా నవ్వలేదు. ఆయన పెద్దమనిషి. పాన్ ఉమ్మడానికి గోడ దాకా పోయి, అక్కడ కొంచెం ఎక్కువసేపు ఉండి వచ్చాడు. అప్పుడు ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

తిరిగొచ్చి కూర్చుని సంగతి చెప్పాడు. ఉలి పెట్టి కొడితే ఆ బోల్టు వస్తుంది. కానీ దాని జాగాలో కొత్తది పెట్టాలి, ఆదివారం దుకాణాలు బంద్. కాబట్టి దాన్ని ముట్టొద్దు. ఇరుసు మీద, కుండకు జానెడు దూరంలో, లోపలి వేడి గాలి బయటికి పోవడానికి ఒక చిన్న మూత ఉంటుంది. దాన్ని తీసేస్తే చిటికెన వేలంత బొక్క. అందులోంచి పోస్తే నూనె ఇరుసు గొట్టం వెంబడి పారి కుండలో పడుతుంది.

"కాని చాచా, నిండిందని ఎట్ల తెలుస్తది? పొంగి కారేది పై బోల్టు బొక్కల నుంచే గదా?"

"గదే ముష్కిల్. పాతది ఎంత ఎల్లిందో తెలిస్తే..."

"మూడు సోలలకు గిద్దెడు తక్కువ" అన్నాను.

చాచా నా వైపు మొదటిసారి గౌరవంగా చూశాడు. "కొలిచిండ్రా? గీ పని ఎవ్వరు చెయ్యరు సాబ్. ముప్పై ఏండ్లల్ల ఒక్కణ్ణి చూడలే. పూర మూడు సోలలు పొయ్యుండ్రి, ఫికర్ లేదు."

నా భార్య గుమ్మంలోంచి "ఇగ ఆ సోల జీపుకే ఉంచుండ్రి" అంది.

ఆయన కుర్చీలోంచి చెబుతుంటే నేను మళ్లీ బండి కింద దూరాను. పాత పౌడరు డబ్బా అడుగున మేకుతో బొక్క కొట్టి మడ్‌గార్డుకు తీగతో వేలాడదీశాం. దాని కింద కిరోసిన్ పోసే చిన్న గరాటు, గరాటుకు సైకిల్ ట్యూబు ముక్క, ఆ ముక్క చివర ఇరుసు బొక్కలో. వాన చల్లదనానికి నూనె బెల్లం పాకంలా బిగుసుకుని ఉంది, చుక్క పడటానికి చాలాసేపు పట్టింది. నా భార్య వచ్చి, నూనె డబ్బా తీసుకుపోయి స్నానాల కాగులోని వేడి నీళ్లలో పెట్టింది. పది నిమిషాలకు తెచ్చిచ్చింది. అప్పుడు సన్నటి ధార మొదలైంది.

"శివాలయంల లింగం మీద ధార పడ్డట్టున్నది" అన్నాడు మా బావమరిది. "అక్కా, బావ జీపుకు అభిషేకం చేస్తుండు. తీర్థం తీసుకుంటవా?"

"నాకు బస్సుకు టైమైంది" అంది ఆమె.

చేతిసంచి సర్దుకుని వచ్చింది. సంచిలోంచి చెప్పుల జత ఒకటి కనిపించింది. ఉట్నూరులో తోటి టీచరు ఇంట్లో పడుకుని, పొద్దున మొదటి బస్సుకు జైనూర్ పోతామని చెప్పింది. నేను నూనె చేతులతో నిలబడి, "పొద్దటికల్ల నిండుతది. నేను వస్త" అన్నాను.

"మూడు సార్లు వచ్చిండ్రు" అంది. అంతే. ఏడేండ్లలో మూడు సార్లు అని ఆమె అనలేదు. డైరీ రాయని మనిషికి ఆ లెక్క ఎలా గుర్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. వెళ్లే ముందు ఒక్క నిమిషం ఇంట్లోకి పోయి వచ్చింది. ఏదో మరిచిపోయిందనుకున్నాను.

వాళ్లిద్దరూ పోయారు. మూడో సోల నూనెను పౌడరు డబ్బాలో పోసి, మీద గుడ్డ కట్టి, చాచా ఇంటికి పోయాక నేనూ పడుకున్నాను.

మరునాడు పొద్దున అయిదింటికి లేచి షెడ్డుకు పోయాను. డబ్బా ఖాళీ, గరాటు ఖాళీ. చిన్న మూత బిగించాను. చేత్తో బిగించి, పానాతో ఒక్క పట్టు మాత్రమే పట్టాను. తర్వాత అలవాటు ప్రకారం డైరీ రాయడానికి కూర్చున్నాను. తప్పు వరుస ఉన్న పాత పేజీని ముందు చూద్దామని తెరిస్తే, ఒకటో నంబరు పైన ఖాళీలో ఎర్ర సిరాతో గుండ్రటి చేతిరాత ఉంది. పిల్లల పలకల మీదా, నోటుబుక్కుల మీదా ఏడేండ్లు దిద్దిన చేయి అది. "ముందు పై బోల్టు విప్పి చూడవలెను" అని రాసి, పక్కన సున్నా నంబరు వేసింది. పేజీ అడుగున, మార్కులు వేసే చోట, "సామాను కోసం రండి" అని ఉంది.

చాయ తాగకుండా బయలుదేరాను. జీపు ఎక్కడా మొరాయించలేదు. నిజానికి అంతకు ముందు కూడా ఎప్పుడూ మొరాయించలేదు. జైనూర్ దాటి వాగు ఒడ్డుకు చేరేసరికి పదకొండు. నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే లివరు అప్పటికే వేసి ఉంచాను.

వాగులో నీళ్లు పాదాలు తడిసేటంత ఉన్నాయి. ఇవతలి ఒడ్డున ఎడ్లబండి నిలబడి ఉంది. మంచం, గిన్నెల మూట, ట్రంకు కిందికి దించి ఉన్నాయి. ట్రంకు మీద ఆమె కూర్చుని, ఆరడానికి పాదాలు ఎండలోకి చాపి, విడుదల కాగితం మడిచి చేతిలో పట్టుకుని ఉంది. మా బావమరిది బండాయనతో బీడీ పంచుకుంటున్నాడు.

"అయిందా?" అన్నాను.

"తొమ్మిదిన్నరకే అయింది. బండి మా ఊరోళ్లే కట్టిండ్రు." తర్వాత జీపు చక్రాల వైపు చూసి, "నూనె నిండిందా?" అని అడిగింది.

"నిండింది."

సామాను ఎక్కించాం. ఆమె ముందు సీట్లో కూర్చోబోతుంటే నేను కదలకుండా నిలబడ్డాను. వాగు వైపు చూస్తున్నాను. ఆమెకు అర్థమైంది.

"దాటొస్తరా?"

"ఇంత చేసినంక..."

"పోయిరాండ్రి. నేను ఇక్కడ్నే ఉంట."

ఆమె దిగి మళ్లీ ఒడ్డున నిలబడింది. నేను ఆమె సామానుతో వాగు దాటాను, అవతలి ఒడ్డున జీపు తిప్పాను, తిరిగి దాటాను. నీళ్లు ఇరుసు దాకా కూడా రాలేదు. ఇవతలికి వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను చూసినంతలో ఆ ఒడ్డున ఆమె నవ్వడం అదే మొదలు. ఎడ్లు మాత్రం నా వైపు చూడలేదు.

ఆ సోమవారం పేజీని, పద్ధతి ప్రకారం, మంగళవారం పొద్దున రాశాను. "వాగు రెండు సార్లు దాటితిని. జీపు బాగున్నది. దాటవలసిన అవసరము లేకుండెను." మూడో వాక్యం కింద ఎర్ర సిరాతో ఒక టిక్కు ఉంది. అది ఎప్పుడు పెట్టిందో తెలియదు.